కుట్టులో వదిలిన గుడ్డ

ఉదయం ఏడున్నరకి ముందు గదిలో కుట్టుమిషను ఆగిపోయింది. మిషను ఆగడం వింతేమీ కాదు. దారం తెగినా ఆగుతుంది, కండె అయిపోయినా ఆగుతుంది. కానీ కోడలు టీ కప్పు పట్టుకుని గుమ్మంలో కాలు పెట్టేసరికి ఠక్కున ఆగడం ఈ వారంలో ఇది నాలుగోసారి.

అత్తగారు మిషను బల్ల సొరుగు గభాలున మూసి తాళం తిప్పింది. ఆ తాళంచెవి ఆమె కళ్ళజోడు తాడుకే వేలాడుతూ ఉంటుంది, తాడు ఎప్పుడూ మెడలో ఉంటుంది. పక్కనే పదకొండేళ్ల మనవరాలు నీలం రంగు స్కూలు స్కర్టు నడుము దగ్గర సర్దుకుంటూ నిలబడి ఉంది. ఇంట్లో ఇంకా అందరూ ఆ పిల్లని పాప అనే పిలుస్తారు.

"ఏంటీ, నానమ్మా మనవరాలూ రహస్యాలు?" అంది కోడలు నవ్వు మొహం పెట్టి.

"రహస్యమేముందమ్మా, గుండీ ఊడితే కుట్టాను" అంది అత్తగారు.

"గుండీ కుట్టడానికి సొరుక్కి తాళం ఎందుకు అత్తయ్యా?"

"సూదులుంటాయి కదా. పిల్లలున్న ఇల్లు."

ఆ ఇంట్లో పిల్లలంటే పాప ఒక్కతే. ఆ ఒక్కతీ సొరుగు మూసేదాకా అక్కడే నిలబడి ఉంది. కోడలు టీ కప్పు బల్ల మీద పెట్టి వెనక్కి వెళ్ళింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. వారం రోజులుగా ఆ భూతం ఆమెతో పాటే లేస్తోంది, ఆమెతో పాటే ఆఫీసుకి వెళ్ళొస్తోంది.

ఆమె పనిచేసేది పోస్టాఫీసులో, పార్సిళ్ళ కిటికీ దగ్గర. పొద్దున్నించీ సాయంత్రం దాకా జనం తెచ్చిన డబ్బాలూ మూటలూ తూకం మీద పెట్టడం, ముద్ర వేయడం. పద్నాలుగేళ్ల అనుభవం. చేత్తో పట్టుకుంటే చాలు, బరువు ఎంతో యాభై గ్రాముల అటూ ఇటూగా చెప్పేస్తుంది. అంత చెయ్యి తిరిగిన మనిషికి సొంత కూతురి బరువు మాత్రం స్కూలు వాళ్ళు చీటీ పంపితే గానీ తెలియలేదు.

ఆ చీటీ పట్టుకుని రెండు వారాల కింద పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పాప జడ పక్కకి తీసి మెడ వెనక చూసింది. అక్కడ చర్మం నల్లగా, కాస్త దళసరిగా ఉంది. మురికి అనుకుని కోడలు రోజూ సబ్బు పెట్టి తోమే చోటు అది. షుగర్ వచ్చే ముందు అక్కడ అలా నల్లబడుతుందని ఆమెకి తెలియదు.

"ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరిగింది" అంది డాక్టరమ్మ.

"ఎలా పెరుగుతుందండీ?" అని కోడలు వాదించింది. "నిరుడు కుట్టిన స్కర్టే ఇప్పటికీ నడుముకి సరిగ్గా సరిపోతోంది."

"స్కర్టు సంగతి నాకు తెలీదమ్మా. తూకం మాత్రం ఇదీ. పుట్టినప్పుడు ఎంత బరువుంది?"

"నాలుగుంబావు."

డాక్టరమ్మ కలం ఆపి తలెత్తింది. "కడుపుతో ఉన్నప్పుడు మీకు షుగర్ వచ్చిందా?"

పాప పక్క కుర్చీలోనే ఉంది, కాళ్ళు ఊపుకుంటూ, తల్లి మొహంలోకి చూస్తూ.

"లేదండీ" అంది కోడలు.

వచ్చింది. ఆరో నెలలో బయటపడింది. చివరి మూడు నెలలూ రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చుకుని నెత్తురు చూసుకుంది, పొట్ట మీద సూది పొడుచుకుంది. బిడ్డ పుట్టిన మర్నాడే చక్కెర మామూలుకొచ్చేసింది. పీడ విరగడైందని ఆ కాగితాలన్నీ అలమరలో అట్టడుగున, పరిచిన కాగితం కింద పెట్టేసింది. ఇప్పుడు పిల్ల ఎదురుగా 'అవును' అంటే ఆ తర్వాతి మాట ఏమిటో ఆమెకి తెలుసు. అది పిల్ల చెవిన పడకూడదనుకుంది. ఇంకా నిజం చెప్పాలంటే, తన చెవిన పడకూడదనుకుంది.

పాపకి చేసిన నెత్తురు పరీక్ష ఫలితం నాలుగు రోజులకి వచ్చింది. షుగర్ జబ్బు కాదు, కానీ జబ్బు గీతకి బాగా దగ్గర్లో ఉంది. ఏం తింటోందో, ఎంత తిరుగుతోందో గమనించి, నెలాఖరుకి మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆమె భర్తకి మాత్రమే చెప్పింది. పాప అడిగితే "అంతా బాగానే ఉంది" అంది.

ఇంట్లో తను పెట్టే తిండి లెక్క తనకి తెలుసు. స్కూలుకి కట్టిచ్చే డబ్బా తనే కడుతుంది. మరి తొమ్మిది కిలోలు ఎక్కడినుంచి వచ్చాయి? తను ఆఫీసులో ఉండగా పాప ఉండేది ఎవరి దగ్గర? సొరుక్కి తాళం వేసేది ఎవరు? రెండూ రెండూ కలిపితే ఆమెకి నాలుగు కాదు, అత్తగారు వచ్చింది.

మర్నాడు పోస్టుమాస్టర్ని అడిగి, మూల పడేసిన పాత ఉత్తరాల తూకం ఇంటికి తెచ్చింది. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు చక్కెర డబ్బా, బిస్కెట్ల పొట్లం, జామ్ సీసా తూచేది. రాగానే మళ్ళీ తూచేది. చెల్లని ఫారాల వెనక రాసిపెట్టేది. వారం రోజుల్లో తేడా పొద్దున్న టీలకి సరిపోయింది, అంతే. వంటింట్లోది కదలలేదని తేలాక ఆమె మనసు కుదుటపడాలి కదా. పడలేదు. అయితే ఆ సొరుగులోనే ఉన్నాయన్నమాట, అనుకుంది.

భర్త లిఫ్టుల మెకానిక్. రోజంతా పైకీ కిందకీ తిరిగి ఇంటికొచ్చేసరికి, ఇక్కడ తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇరుక్కునే ఉద్యోగం ఇంకొకటి ఉంటుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ సాయంత్రం పెళ్ళాం జామ్ సీసా తూస్తుంటే చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"అమ్మనే అడగొచ్చుగా" అన్నాడు.

"అడిగితే చెప్తారా? సూదులంటారు. మీరడగండి."

"నేనడిగితే నువ్వు పంపావని తెలిసిపోతుంది." కాసేపు తల గోక్కున్నాడు. "మీ ఆఫీసుకి అనుమానంగా ఉన్న పార్సిల్ వస్తే ఏం చేస్తారు?"

"విప్పి చూస్తాం."

"ఎవరికి తోస్తే వాళ్ళు విప్పేయడమేనా?"

"కాదు. చేరాల్సిన మనిషిని పిలిచి, ఇంకొకళ్ళని సాక్షిగా నిలబెట్టి, ఎదురుగా విప్పాలి. అది రూలు."

"ఆ రూలేదో ఇంట్లో కూడా పెట్టుకోరాదూ" అని అతను స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె జామ్ సీసా బరువు రాసుకుంది.

పాప కూడా మారిపోయింది. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడుతోంది. నవ్వుతూ ఏదో చెబుతూ తల్లి రాగానే ఆపేస్తోంది. శుక్రవారం ఆఫీసు నుంచి రాగానే కోడలు పాపని దగ్గరికి లాక్కుని బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. ఈమధ్య రోజూ పెట్టుకుంటోంది. పెదాల చివర మొహం కాస్త ఎక్కువసేపు ఆనించి, ఊపిరి లోపలికి తీసుకుంటోంది. చాక్లెట్టా, క్రీమ్ బిస్కెట్టా?

పాప మెల్లిగా వెనక్కి జరిగింది. "అమ్మా, నువ్వు ముద్దు పెట్టుకుంటున్నావా, వాసన చూస్తున్నావా?"

పాప సమాధానం కోసం ఆగకుండా ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల మిషను చప్పుడు ఆగింది.

ఆదివారం పొద్దున్న పదింటికి అత్తగారు స్నానానికి వెళుతూ కళ్ళజోడు తాడు మేకుకి తగిలించింది. పాప డాబా మీద బట్టలు ఆరేస్తోంది. భర్త వీధిలో సైకిలు చక్రం విప్పుకుని కూర్చున్నాడు. కోడలు ఒక్క నిమిషం తాళంచెవి వంక చూసింది. రూలు గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా తీసింది.

సొరుగులో సుద్దముక్కలు, టేపు, కుట్లు విప్పే చిన్న కత్తి, గుప్పెడు నీలం దారపు ముక్కలు, నల్ల అట్ట వేసిన కొలతల పుస్తకం. ఒక్క చాక్లెట్ కాగితం లేదు. ఆమె సొరుగు మొత్తం బయటికి లాగి, ఖాళీలో మోచెయ్యి దాకా పెట్టి తడిమింది. దుమ్ము తగిలింది. ఏదో ఒకటి దొరకాలని తను ఎంతగా కోరుకుందో అప్పుడు తెలిసింది ఆమెకి. ఆ సొరుగులో ఒక్క మిఠాయి పొట్లం దొరికితే చాలు, తప్పు ఆ పొట్లానిది అయిపోయేది. దొరకకపోతే ఇక మిగిలేది తనే.

"ఏం పోయిందమ్మా, అంతలా వెతుకుతున్నావు?"

అత్తగారు తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో ఉంది. వెనక ఖాళీ బకెట్టుతో పాప.

పట్టుబడ్డ మనిషికి కోపం ముందొస్తుంది. "నా కూతురికి చాటుగా ఏం పెడుతున్నారో చూస్తున్నాను" అంది కోడలు.

"చాటుగా పెడుతున్నానా? నేనా?"

"మరి నేను రాగానే మిషను ఎందుకాగుతోంది? తాళమెందుకు? తొమ్మిది కిలోలు అత్తయ్యా. గాలి తిని పెరిగిందా?"

"నువ్వు డబ్బాలు తూస్తుంటే చూశాను. తూచుకోనీ, దాని మనసు నిమ్మళిస్తుంది అనుకున్నాను. నా మీద అనుమానంతోనే తూస్తున్నావని ఇప్పుడే తెలిసింది." అత్తగారు వచ్చి బల్ల మీదున్న స్కర్టు తీసి, లోపలి వైపు తిప్పి కోడలి చేతిలో పెట్టింది. "చూడు. నేను దాస్తున్నది ఇదే."

పక్క కుట్ల వెంట సన్నని చిల్లుల వరసలు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, నాలుగు వరసలు. ఒక్కొక్కటీ ఒకప్పటి కుట్టు ఉన్న చోటు.

"పెరిగే పిల్లల బట్టకి కుట్టులో గుడ్డ వదిలి కుడతాను. నలభై ఏళ్ల అలవాటు. బిగుతైతే విప్పి వదులుతాను. దీనికి ఏడాదిలో నాలుగుసార్లు వదిలాను. ఆఖరిసారిది ఈ వారం రోజూ కాస్త కాస్త వదిలాను, విప్పిన దారాలు నీ కంట పడకుండా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఇక వదలడానికి లోపల గుడ్డ లేదు. నడుము మీద పట్టీ గీత పడుతోంది నానమ్మా, అమ్మకి చెప్పకు అని పాప ఏడ్చింది. ఎదిగే వయసు, సర్దుకుంటుందిలే అనుకున్నాను."

కోడలు స్కర్టు పట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఈ స్కర్టు సరిపోతోంది కదా అని ఏడాది పాటు నిశ్చింతగా ఉన్నాను. డాక్టరుతో వాదించి వచ్చాను. మీ కుట్టు నాతో అబద్ధం చెప్పింది అత్తయ్యా."

అత్తగారి మొహం వాడిపోయింది. తువ్వాలు జారితే కూడా చూసుకోలేదు. "చెప్పింది" అంది. "నాదే తప్పు. ప్రేమ అనుకున్నాను. మరి నువ్వు ఆ డాక్టరమ్మతో ఏం చెప్పావు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కోడలు చప్పున కూతురి వైపు చూసింది.

పాప బకెట్టు కింద పెట్టింది. "అమ్మా, నేను కడుపులో ఉన్నప్పుడు నువ్వు పొట్ట మీద సూదులు పొడుచుకునేదానివని నానమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. డాక్టర్ అడిగితే లేదన్నావు. ఫలితం అడిగితే బాగుందన్నావు. మళ్ళీ రోజూ నా నోరు వాసన చూస్తున్నావు. నాకు పెద్ద జబ్బా? నేను చచ్చిపోతానా? నానమ్మని అడిగితే తనకీ తెలీదంది."

తను అత్తని అనుమానిస్తూ కూర్చున్న వారం రోజులూ, తన కూతురు తనని అనుమానిస్తూ ఈ మాట మోసుకు తిరిగింది. కోడలికి ఆ సంగతి తట్టనే లేదు. పిల్లని దగ్గరికి లాక్కుంది. ఈసారి వాసన చూడాలన్న ధ్యాస కూడా లేదు, ముక్కు నిండా ఏడుపే.

"చచ్చిపోవు తల్లీ. పెద్ద జబ్బు కాదు. వచ్చేలా ఉంది, జాగ్రత్తగా ఉంటే ఆపొచ్చన్నారు. నేనే అబద్ధం చెప్పాను. నా ఒంట్లో చక్కెర నీకు కడుపులోనే అంటిందేమోనని, నావల్లే నీకిలా అయిందని అంటారేమోనని భయమేసింది. నువ్వు నన్నలా చూస్తావేమోనని."

మాటలు పెద్దవి కావడంతో భర్త నూనె చేతులతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఎవరి పక్షమూ తీసుకోవాల్సిన పని లేదని అర్థమై, గోడకి ఆనుకున్నాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కొలతల పుస్తకం తెరిచింది. వీధిలో సగం మంది పిల్లల కొలతలు అందులో ఉన్నాయి, ఒక్కొక్కరికీ ఒక పేజీ. పాప పేజీలో మొదటి అంకె పాప పుట్టకముందుది.

"ఇదిగో, ఏడో నెల. నీ పొట్ట కొలత. ఇది ఎనిమిదో నెల, ఇది తొమ్మిది. ఆ మూడు నెలలూ నువ్వు తిన్న ప్రతి ముద్దా నేను చూశాను. నోరు కట్టుకున్నావు. కాళ్ళు వాచినా పొద్దునా సాయంత్రం ఈ వీధి చివరిదాకా నడిచావు. సూది గుచ్చుకుని కళ్ళు మూసుకునేదానివి. నీ తప్పేమిటో నాకైతే కనపడలేదు. ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు, సాక్షిని నేనున్నాను."

పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆ మాట కోసం తను ఎదురుచూస్తోందని కోడలికి కూడా తెలియదు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

"తప్పంటే ఆ తర్వాతే" అంది అత్తగారు, గొంతు కాస్త గట్టి చేసుకుని. "నువ్వు కాగితాలు దాచావు, నేను కుట్లు దాచాను, వీడేమో నోరు దాచుకున్నాడు. తిలా పాపం తలా పిడికెడు. అన్నట్టు, తిట్టుకోనంటే ఇంకోటి చెబుతాను."

"ఏంటి?"

"నీ ఆఫీసు కోటు. అది కూడా మూడుసార్లు వదిలాను."

కోడలు ఏడుపు మధ్యలో ఆగి, లేచి కోటు తెచ్చి లోపలి వైపు తిప్పింది. చిల్లుల వరసలు మూడు. పాపకి ముందు నవ్వొచ్చింది, తర్వాత తండ్రికి.

"తల్లీకూతుళ్లు ఒకే తాను ముక్కలు" అంది అత్తగారు. "నీకు కూడా ఏటేటా నెత్తురు పరీక్ష చేయించమన్నారు అప్పట్లో. ఒక్కసారైనా వెళ్ళావా?"

వెళ్ళలేదు.

సోమవారం పొద్దున్న అత్తా కోడలూ పాపా ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. కోడలు కూర్చోకముందే చెప్పేసింది. "పోయినసారి మీరడిగినప్పుడు లేదన్నాను. వచ్చిందండీ. ఆరో నెల నుంచి." పాత కాగితాలు బల్ల మీద పెట్టింది. వాటి మీద అత్తగారు నల్ల అట్ట పుస్తకం పెట్టింది.

డాక్టరమ్మ పుస్తకం తిప్పుతూ చాలాసేపు చూసింది. తేదీలతో సహా పదకొండేళ్ల నడుము కొలతలు. "మా దగ్గర కూడా ఇంత వివరంగా ఉండదు" అంది. తర్వాత కుర్చీ పాప వైపు తిప్పుకుంది. "కడుపులో ఉన్నప్పుడు అమ్మ రక్తంలో చక్కెర ఎక్కువుంటే బిడ్డ ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. అలా పుట్టిన వాళ్ళందరికీ జబ్బు రావాలని లేదు. కానీ పెద్దయ్యేకొద్దీ బరువు పెరిగే, షుగర్ వచ్చే వీలు మిగతా పిల్లలకన్నా ఎక్కువ. అందుకని కనిపెట్టుకుని ఉండాలి. తిండి, ఆట, నిద్ర. ఇంటిల్లిపాదీ, నువ్వొక్కదానివే కాదు."

ఆ తర్వాత కోడలితో అంది. "నేను ఆ రోజు అడిగింది తప్పెవరిదో తేల్చడానికి కాదమ్మా. పాపకి ఎన్నాళ్ళకోసారి పరీక్ష చెయ్యాలో తెలియడానికి. మీకు ఆఖరిసారి ఎప్పుడు చేశారు?"

"పాప పుట్టిన మర్నాడు."

డాక్టరమ్మ రెండు చీటీలు రాసింది.

నెత్తురు తీసే గదిలో రెండు కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. "ముందెవరు?" అంది నర్సు. "నేను" అని కోడలు చెయ్యి చాపింది. సూది దిగుతుంటే పాత అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుంది. రెండో చేతిని ఎవరో పట్టుకున్నారు. చిన్న చెయ్యి, వెచ్చగా, కాస్త చెమటగా ఉంది.

తన వంతు అయ్యాక పాప మోచేతి మీద దూది అదుముకుని కూర్చుంది. కోడలు వంగి కూతురి బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. పాప ఓరకంటితో తల్లిని అనుమానంగా చూసింది.

"వాసన చూడట్లేదు కదా?"

"లేదు" అంది ఆమె. ఈసారి ఆ మాట నిజం.